మురూమ్, మురూత్, మురూర్

రోజా సముద్రం వైపు తిరిగి గొంతెత్తింది.

"జ మురూ, త్యు మురూ, ఇల్ మురూ. ను మురూమ్, వు మురూత్, ఇల్ మురూర్!"

పడవను నీళ్లలోకి నెడుతున్న మగవాళ్ల చేతులు ఒక్క క్షణం ఆగాయి. మైపాడు దాటాక ఉండే ఆ చిన్న పాలెంలో తెల్లవారితే ఇంజన్ల చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. ఇదేం పాటో వాళ్లకు అర్థం కాలేదు.

అది ఫ్రెంచి. చనిపోయాను, చనిపోయావు, చనిపోయాడు అని పాత నవలల్లో వాడే భూతకాలం. మొగుడు పెంచల్‌తో పుదుచ్చేరిలో కాపురమున్న రోజుల్లో రోజా ఆ భాష పట్టుకుంది. అక్కడ కుట్టుపని నేర్చుకుంటోందని పాలెంలో అనుకున్నారు. ఇప్పుడు అక్కడి ఒక అనువాదాల ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. అడుగుదామన్నా ఆమెతో మాట్లాడకూడదు.

ఆమెను వెలి వేసింది ఊరి పెద్ద నరసయ్య.

మొగుడూ పెళ్లాలు పాలెం తిరిగొచ్చాక ఒక రోజు కృష్ణపట్నం రేవులో తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారు. "ఇట్టాంటివి ఎన్ని చూళ్లేదు, పోండ్రా" అని పడవల్ని తోలింది నరసయ్యే. పడవలు తిరిగొచ్చాయి. పెంచల్ రాలేదు. ఎవరు పొమ్మన్నారని తహసీల్దారు అడిగితే పాలెమంతా తలొంచుకుంది. రోజా మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మర్నాడు నరసయ్య అందరినీ కూర్చోబెట్టాడు.

"అబద్ధం చెప్పినానని నా కాళ్లు పట్టుకునేదాకా రోజాతో ఎవురూ మాట్లాడబాకండి. మాట్లాడినోళ్లకూ ఇదే వెలి. ఎవురైనా సరే, నా ఇంటోళ్లయినా సరే!"

ఆయన భార్య వెంకటశేషమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ గొంతు తలచుకుంటేనే రోజాకు ఒళ్లు మండిపోయేది. ఆయన కాళ్లు పట్టుకుంటే పెంచల్ పోయింది అతని సొంత తప్పువల్లేనని ఒప్పుకున్నట్టవుతుంది. ప్రాణం పోయినా ఆ పని చేయదు. ఆయనే తన గడపకు రావాలి. పాలెమంతా చూస్తుండగా రావాలి. అప్పటిదాకా ఉద్యోగమొచ్చినా కదలకూడదనుకుంది.

పాఠం చెప్పే ఎలిశబెతు మేడం పుదుచ్చేరి నుంచి ఫోన్లో అంది. "గట్టిగా చదవమ్మా. ఈ రూపాలు పుస్తకాల్లోనే ఉంటాయి, ఎవరూ మాట్లాడరు. నోటికి రావాలంటే నువ్వే పలకాలి."

"నాతోనూ ఎవరూ మాట్లాడరు మేడం. ఆ రూపాలకీ నాకూ బాగా కుదిరింది."

ఆమె గొంతెత్తిన ఆ మొదటి రోజే నరసయ్య పడవ ఇంజన్ నడిసముద్రంలో మొరాయించింది. తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ మర్నాడు ఓబులేసు వల చిరిగింది. ఇంకేముంది, పాలెం గుండె జారిపోయింది.

"అది మంత్రం! మొగుణ్ణి మింగిన సముద్రానికి మనల్ని అప్పజెపతా ఉండాది," అన్నాడు హజరత్తయ్య.

తెల్లారేసరికి రోజా గుమ్మంలో పసుపు రాసిన నిమ్మకాయలు కనిపించాయి. ఆమెకు విషయం అర్థమైంది. చాలా రోజుల తరువాత నవ్వొచ్చింది. నిమ్మకాయలు కడిగి చేపల వేపుడు మీద పిండుకుని తింది.

ఇక పరీక్ష సంగతి పక్కకు పోయింది. నరసయ్య పడవ కదిలే వేళకు జుట్టు విరబోసుకుని వచ్చేది. ఆ పడవకేసి వేలు చూపిస్తూ మురూమ్, మురూత్, మురూర్ అనేది. పడవలు ఒడ్డెక్కి కూర్చున్నాయి. పొయ్యిలు వెలగడం తగ్గింది. కసి తీరుతుంటే ఎంత బాగుంటుందో రోజాకు అప్పుడే తెలిసింది.

పాలెం మళ్లీ కూర్చుంది.

"ఆపమని చెప్పాల," అన్నాడు ఓబులేసు.

"ఎవురు చెప్పాల? చెప్పినోళ్లకూ వెలి గదా!"

వెలి ఎత్తేద్దామని ఎవరో గొణిగారు. నరసయ్య కస్సుమన్నాడు. ఎత్తేస్తే రోజా చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టే.

"అట్టయితే నువ్వే పోయి చెప్పు నరసయ్యా," అన్నాడు హజరత్తయ్య. "వెలి పెట్టినోడివి, పెద్దోడివి. నీకేమయితాది?"

తప్పించుకునే దారి లేకపోయింది. నరసయ్య బయల్దేరాడు. వెనకే పాలెమంతా కదిలింది.

తలుపు వేసి ఉంది. లోపల రోజా ఆ పూట ‘మాట్లాడు’ అనే క్రియ అందుకుంది. "జ పర్లే, త్యు పర్లా, ఇల్ పర్లా..."

గడప ముందు నిలబడి నరసయ్య రెండు చేతులూ జోడించాడు.

"ఆపు తల్లీ. నీకు దండం పెడతా, ఆపు."

లోపల చదువు ఆగింది.

నరసయ్య ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. "ఆపింది. పడవలు తియ్యండ్రా!"

ఎవరూ పలకలేదు. ఓబులేసు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"హజరత్తయ్యా, ఏందిరా అట్టా చూస్తావు?"

హజరత్తయ్య నోరు తెరవబోయాడు. ఏదో గుర్తొచ్చినట్టు టక్కున మూసుకుని, తలొంచుకుని వెళ్లిపోయాడు. అతని వెనకే ఒక్కొక్కరుగా అందరూ కదిలారు. చివరికి వెంకటశేషమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఇంటిదారి పట్టింది.

"ఇంక ఈ పాలెంలో నీతో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే, లోపలికి రా నాయనా," అంటూ రోజా కన్నతండ్రికి తలుపు తీసింది.