మంచినీళ్లు ముట్టని మనిషి

సురేశ్‌బాబు శవంతో వ్యాను ఆత్మకూరు దాటి ఊరి మొదటికి వచ్చేసరికి పొద్దెక్కింది.

పట్నంలో రోడ్డు పైన, మేడంత ఎత్తున రైలు స్టేషను కడుతున్నారు. అక్కడ దూలం జారి మీద పడిందట. ఫోనులో అంతే చెప్పారు.

బయట పోయిన మనిషిని ఊళ్లోకి తేకూడదు. వ్యాను చెరువుకట్ట దగ్గరే ఆగింది.

డ్రైవరు జోయల్, అతనితో వచ్చిన ముసలాయన కలిసి శవాన్ని దించారు. లోపల ఇంకేదో పట్టా కప్పి ఉంది. ముసలాయన తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

నిరోషకు ఏడుపు రాలేదు. మొగుడి కాలి బొటనవేళ్లకు కట్టిన పేలిక వంకే చూస్తూ కూర్చుంది.

"ఎవురు నువ్వు?" అని ముసలాయనను అడిగాడు ఊరిపెద్ద హుసేనయ్య.

"ఆడ పనిచేసేవాణ్ణే."

"కంట్రాక్టరు మనిషివా? వాణ్ణి రమ్మను. ఈ బిడ్డకు బతుకుదారి చూపించేదాకా బండి కదలదు."

వ్యానుకు ట్రాక్టరు అడ్డం పెట్టారు. ఊరి కోపానికి ఒక మనిషి కావాలి, ఆ పొద్దు దొరికినవాడు ఆయనే.

జోయల్ నోరు తెరిచాడు. "అది కాదన్నా, ఈయన..."

"నువ్వు ఊరుకోరా," అన్నాడు ముసలాయన.

ఎండ మండిపోయింది. ఆయన ఆ తలుపు వదిలి నీడకు రాలేదు.

సాయంత్రానికి కంట్రాక్టరు దిగాడు. నిరోషకు ఆత్మకూరు బస్టాండు క్యాంటీనులో పని ఇప్పిస్తానని నలుగురి ముందు మాటిచ్చాడు.

అప్పుడు శవం లేచింది. అందాకా ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

అంతా అయ్యాక నిరోష అత్త ఓబులమ్మ చెంబుతో వచ్చింది.

"పొద్దున్నించీ నిలబడుండావు. తాగు."

"ఇంగా తాగకూడదమ్మా."

ఓబులమ్మకు ఒళ్లు మండింది. "మా చేతి నీళ్లు పనికిరావా దొరకి? నా బిడ్డను మింగిందిగాక, పైగా టెక్కొకటి!"

నీళ్లు ఆయన కాళ్ల దగ్గర కుమ్మరించింది.

ఆయన బండెక్కాడు. బండి ఉదయగిరి వైపు పోయింది. పట్నానికి దారి అటు కాదని నిరోషకు తెలుసు. అడగాలనిపించలేదు.

పట్నంలో ఆ స్టేషను తెరిచిన రోజు, నిరోష పనిచేసే క్యాంటీను టీవీలో దాని చరిత్ర చెప్పారు. ఎప్పుడు తలపెట్టారో, ఎవరు పునాదిరాయి వేశారో, ఎంత ఎత్తో. సురేశ్‌బాబు పేరు వస్తుందేమోనని నిరోష చూసింది. రాలేదు. బాధ కూడా రాలేదు.

"అక్కా, గుర్తుపట్టినావా?"

జోయల్. టీ ఇచ్చింది.

"ఆ ముసలాయన బాగుండాడా? కంట్రాక్టరు మనిషి."

"శీనయ్యా? పోయిన నెల చనిపోయినాడక్కా. ఆయన కంట్రాక్టరు మనిషేంది? మీ ఆయన మాదిరే కూలోడు. ఉదయగిరి."

"మరి ఆ పొద్దు చెప్పలేదేంది?"

"నేను చెప్పబోతే ఆపినాడు గదా. చెప్తే మీరు జాలిపడి బండి వదిలేస్తారంట. వదిలితే కంట్రాక్టరు రాడంట, నీకు దారి దొరకదంట."

"ఏం చెప్తే?"

జోయల్ గ్లాసు కింద పెట్టాడు.

"అదే దూలం కింద పోయిన ఆయన కొడుకు, ఆ తలుపు ఎనక పట్టా కిందనే ఉండాడక్కా. ఆ శవం లేవకుండా నీళ్లు ఎట్లా తాగతాడు?"