కింద వాటాలో నీలం వెలుగు

టీచరమ్మ బడి నుంచి వచ్చి గేటు తీస్తుండగానే ఎదురింటి దర్జీ మిషన్ ఆపి లేచి వచ్చాడు. ఇవాళ కూడా మధ్యాహ్నం కింద వాటా కిటికీలో నీలం వెలుగు మెరిసిందట. సుత్తి చప్పుడు సరేసరి. గోనెపట్టా చుట్టిన పొడవాటి ఇనుప ముక్కలేవో ఆటోలోంచి దిగాయట.

"మీరు బడికి వెళ్ళడమే ఆలస్యం, మొదలెడతాడమ్మా. ఓ కన్నేసి ఉంచండి."

ఆమెకు అనుమానం అంతకుముందే పుట్టింది. వాటా అద్దెకు చూడ్డానికి వచ్చిన రోజున ఆ ముసలాయన కుళాయి తిప్పి చూడలేదు, వంటగదిలోకి తొంగి చూడలేదు. నేరుగా మధ్య గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. చేరిన మర్నాడే ఆ గదికి కొత్త తాళం పడింది. భర్తకేమో పొరుగూళ్ళో ఉద్యోగం. పైన తనూ ఇద్దరు పిల్లలూ, కింద ముక్కూ మొహం తెలియని మనిషి. ఏం దాస్తున్నాడో, ఏం తవ్వుతున్నాడో!

మర్నాడు పొద్దున్నే మెట్ల దగ్గర ఆపి అడిగేసింది. పాత కుర్చీలు బాగుచేసుకుంటున్నానని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, ఇంకో వారం దాకా పిల్లల్ని మేడ మీద గెంతనివ్వకండమ్మా అన్నాడు.

శుక్రవారం సగం పూట సెలవు పెట్టి, అన్నయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. తలుపు సందులోంచి నీలం వెలుగు. అన్నయ్య భుజంతో ఒక్క తోపు తోశాడు.

గది నడుమ ఉన్న స్తంభం తోలు ఒలిచినట్టుంది. దాని నాలుగు మూలలా నేల నుంచి కప్పు దాకా ఇనుప యాంగిళ్ళు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. ముసలాయన మొహం మీది వెల్డింగ్ అద్దం తీశాడు.

"నా ఇల్లు కూలగొడుతున్నారా?" అంది.

"నిలబెడుతున్నానమ్మా."

ఒలిచిన చోటు చూపించాడు. కాంక్రీటు బరువు మోస్తుంది కానీ, మోయలేనంత పడితే పక్కలకు ఉబ్బి పగులుతుంది. అలా ఉబ్బకుండా బిగించి పట్టుకోవలసినవి లోపలి ఇనుప రింగులు. జానెడుకొకటి ఉండాల్సినవి ఇందులో మూరెడుకొకటి ఉన్నాయి. దాని మీద మేడ కూడా లేచింది. భూమి కాస్త కదిలిందా, చెప్పాపెట్టకుండా చితికిపోతుంది. బయటి నుంచి ఇలా ఇనుప చొక్కా తొడిగితే తట్టుకుంటుంది.

అన్నయ్య జానతో కొలిచి చూశాడు. నిజమే.

టీచరమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. ఎవరో కట్టించిన ఇంటిని తాము కొనుక్కున్నారు. లోపలి సంగతి తమకే తెలియదు. అయినా ఈ మాట ముందే చెప్పి చేయొచ్చుగా అని నిలదీసింది. చెబితే మీరొకటి అడుగుతారు, దానికి జవాబిచ్చే ధైర్యం లేకపోయింది అన్నాడాయన.

ఆమె సరిగ్గా అదే అడిగింది.

"స్తంభం ఒలవకముందే లోపల ఏముందో మీకెలా తెలిసింది?"

ముసలాయన చేతి తొడుగులు తీసి కింద పెట్టాడు.

"ఆ రింగులు కట్టింది నేనేనమ్మా."