బావ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

“ఆ పాతది తియ్యొద్దురా,” అంది అక్క, బల్లకు చెయ్యి అడ్డం పెట్టి.

తమ్ముడు తల పట్టుకున్నాడు. తను సొంతంగా చేస్తున్న ట్యూబుల ఆంప్లిఫయర్ దాదాపు పూర్తయింది. ట్యూబుల్లోంచి వచ్చే పాటను స్పీకరుకు అందించే ట్రాన్స్‌ఫార్మర్ ఏది పెట్టాలన్నదే తేలడం లేదు. బల్ల మీద రెండున్నాయి. ఒకటి కొత్తది, ఫ్యాక్టరీ సరుకు. రెండోది పోయిన నెల కన్నుమూసిన బావ తన చేత్తో చుట్టినది. మూడు రోజులుగా ఒకే పాట పెట్టి, కరెంటు అందించే నాలుగు క్లిప్పులను దాని నుంచి దీనికి, దీని నుంచి దానికి మారుస్తూ పోల్చి చూస్తున్నాడు.

“బావ పనితనానికి వంక పెట్టడం లేదక్కా. కానీ దీని లోపలి ఇనుప రేకులు వదులైపోయాయి. రొద చేస్తోంది.”

“రొద కాదు, మీ బావే. తీగ చుట్టేటప్పుడు చుట్ల లెక్క తప్పకుండా కూనిరాగం తీసేవారే, అదే ఇది. నువ్వే విను.”

విన్నాడు. పరీక్ష కోసం స్పీకరు తీసేసి, దాని బదులు చప్పుడు చెయ్యని ఓ రెసిస్టరు తగిలించాడు. అయినా బల్ల మీంచి సన్నగా రాగం వస్తూనే ఉంది. ఒళ్లు జలదరించింది గానీ బయటపడలేదు. రేపు అక్కను తనతో తీసుకెళ్లడానికి ఆమె కూతురు వస్తోంది. ‘ఆయన ఇక్కడుంటే నేనెక్కడికి వస్తాను’ అని అక్క ఆ బల్ల దగ్గరే కూర్చుంది. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఇలాగైతే మనిషి దక్కదని అతని భయం.

“స్పీకరు లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ పాడుతుందక్కా. లోపల కరెంటు ఊగుతుంటే వదులు రేకులు అదురుతాయి. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిందే.”

“నువ్వు పెట్టిన పాట వేరు, ఇది వేరు కదరా.”

“ఇనుము గొంతు అంతే. సగం స్వరాలు మింగేస్తుంది.”

“చెప్పేవాడికి వినేవాడు లోకువ,” అంది అక్క.

అతను స్పానర్ అందుకున్నాడు. “రేకులను పట్టి ఉంచే ఈ నాలుగు బోల్టులూ బిగిస్తాను. రాగం ఆగిపోతే అది ఇనుమే. అప్పుడైనా అన్నం తింటావా?”

అక్క తల ఊపింది.

మొదటి బోల్టు బిగియగానే రాగం సన్నబడింది. రెండోదానికి తడబడింది. మూడోదానికి గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు ఎగశ్వాస పెట్టింది. అక్క రెండు చెవులూ మూసుకుంది. అతను పళ్లు బిగించి నాలుగోది తిప్పాడు. రాగం ఆగిపోయింది.

“చూశావా?”

“చూశాను. ఇనుమేనన్నమాట. నాదే పిచ్చి,” అంది అక్క. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. కంచం పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. బావ మీద జాలేసినా, బతికున్న మనిషి ముఖ్యం కదా అని సర్దిచెప్పుకున్నాడు. కొత్తదే ఖాయం చేశాడు. స్విచ్ కట్టేసి, పాతదాని క్లిప్పులు ఊడదీద్దామని వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. చేతికి క్లిప్పులు తగల్లేదు.

వంగి చూశాడు. నాలుగు క్లిప్పులూ కొత్తదానికే ఉన్నాయి. పొద్దున వాటిని మార్చడం మరిచిపోయాడు. బావ చుట్టినదాని తీగలు దేనికీ తగలకుండా గాల్లో ఉన్నాయి.

గబగబా నాలుగు బోల్టులూ వదులు చేసి, ఆ ఇనుముకు చెవి ఆనించాడు.

“బావా,” అన్నాడు, వంటింట్లోకి వినపడకుండా. “బావా, నేను చూసుకోలేదు. ఒక్కసారి పలుకు.”

అక్క అన్నం తిని చెయ్యి కడుక్కున్నా, లోపల్నుంచి ఊపిరైనా రాలేదు.