టైలరమ్మ ఓపిక

"చెప్పండమ్మా, మీకు భయం వేసిందా, వేయలేదా?"

అంటూ సభ నడిపే కుర్రాడు టైలరమ్మ మూతి దగ్గర మైకు పెట్టాడు. ఎదురుగా హాలు నిండా జనం. స్టేజీ మీద ఆమెకు అటు గడ్డం ప్రొఫెసరు, ఇటు కళ్ళద్దాల మేడం. ఇద్దరూ అరగంట నుంచి ఆమె గురించే తగువులాడుకుంటున్నారు, ఆమెను ఒక్క మాటా అడక్కుండా.

"మేకుల కంపెనీ షేరు పద్నాలుగేళ్ళ కిందట కారుచౌక," అన్నాడు ప్రొఫెసరు మళ్ళీ. "ఎందుకు చౌక? ఎప్పుడు మునుగుతుందో తెలీదు కనక. రోజులు బాగోకపోతే ముందు మూతపడేవి అలాంటివే. ఆ ప్రమాదాన్ని ఈవిడ నెత్తికెత్తుకుంది. వచ్చిన లాభం ఆ భయానికి కూలి. ఇందులో వింతేం లేదు."

"కూలీ లేదు గీలీ లేదు," మేడం కొట్టిపారేసింది. "మేకులంటే ఎవరికి మోజండీ? అందరూ తళతళలాడే కొత్త కంపెనీల వెంట పడ్డారు. నిన్న పెరిగింది కాబట్టి రేపూ పెరుగుతుందనుకుని ఎగబడి కొన్నారు. మేకుల్ని చిన్నచూపు చూశారు. అది జనం పొరపాటు. ఈవిడ ఆ పొరపాటు చెయ్యలేదు. అందుకే ఇవాళ ఇరవై రెట్లు!"

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆమె తమ్ముడు మాత్రం వాచీ చూసుకుంటున్నాడు.

అసలు సంగతి టైలరమ్మ గొంతులోనే అడ్డం పడి ఉంది. ఆ షేర్లను తొమ్మిదిసార్లు అమ్మబోయింది మహాతల్లి! కొన్న మరుసటేడే కుట్టుమిషను సూది చూపుడువేల్లో దిగి వేలు వంకరపోయింది, దాంతోపాటే సంతకమూ. తమ్ముడి చేత ఫారం పంపినప్పుడల్లా 'సంతకం కలవలేదు' అని తిరిగొచ్చేది. తనే వెళితే కింద కౌంటరు దగ్గరే ఆపి, సంతకం ఆమెదేనని బ్యాంకు నుంచి కాగితం తెమ్మనేవాళ్ళు. బ్యాంకువాళ్ళేమో సంతకం కలవందే కాగితం ఇవ్వమనేవాళ్ళు. తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది. అలా తిప్పిన బ్రోకరు ఆఫీసే ఇవాళ ఆమె చేతికి పూలగుత్తి ఇచ్చి, 'ఓపికకు మారుపేరు' అని వెనకాల బ్యానరు కట్టింది.

పదో ఫారం పొద్దున్నే తమ్ముడి చేత ఇప్పించింది. అది ఈ హాలు పైనే, మూడో అంతస్తులోని ఆ ఆఫీసులో ఉంది. స్టేజీ ఎక్కబోయే ముందు ఆఫీసు మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు.

"ఫారం సంగతి నాకొదిలెయ్యండమ్మా. సంతకాలు చూసే గుమాస్తాని కిందికి రమ్మన్నాను. మనిషిని కళ్ళారా చూస్తే ఇంకేం అడ్డం చెప్తాడు? మీరు మాత్రం అమ్మాలని ఎప్పుడూ అనుకోలేదని ఒక్క మాట అనండి. తొమ్మిదిసార్లు తిప్పామని నోరు జారారో, తర్వాత నన్నడక్కండి."

షేర్లు అమ్మిన రసీదు సాయంత్రం ఐదులోగా చూపిస్తే, అమ్మకానికి పెట్టిన కుట్టుకొట్టు గది ఆమెదవుతుంది. లేదంటే యజమాని దాన్ని పక్క మందుల షాపుకి ఇచ్చేస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా మిషను వేసుకుని బతికిన గది. ఇంకెక్కడికి పోతుంది?

"భయం వేసిందంటే నేను గెలిచినట్టు," అన్నాడు ప్రొఫెసరు నవ్వుతూ.

"వేయలేదంటే నేను," అంది మేడం.

రెండో వరసలో ఒకావిడ పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, ఆమె నోటివంకే చూస్తోంది. పాపం, ఏం చెబితే అది రాసుకుపోయేలా ఉంది. టైలరమ్మకు సిగ్గేసింది. మెట్ల దగ్గర మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"భయం సంగతి నాకు తెలీదండీ," అంది చివరికి. "అమ్మాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు."

"ఒక్కసారి కూడా?" మేడం వదల్లేదు.

"ఒక్కసారి కూడా."

"పోనీ ఇవాళ? ఇంత ధర వచ్చాక కూడానా?" ప్రొఫెసరు ముందుకు వంగాడు.

ఆమె మేనేజరు వంక చూసింది. అతను కళ్ళతోనే కానివ్వమన్నాడు.

"ఇవాళ కూడా అనుకోలేదండీ. అమ్మమని ఎవరికీ చెప్పలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. అక్క గండం గట్టెక్కిందని తమ్ముడు రసీదు కోసం గబగబా మూడో అంతస్తుకు పరుగెత్తాడు.

ఫొటోలయ్యాయి, టీలయ్యాయి. టైలరమ్మ స్టేజీ దిగి, లిఫ్టు తలుపు మీదే ప్రాణాలు పెట్టుకుని కూర్చుంది. పావుగంటకు తలుపు తెరుచుకుంది. వచ్చింది తమ్ముడు కాదు. జేబులో మూడు రంగుల పెన్నులు పెట్టుకున్న ఒక పెద్దాయన. నేరుగా వచ్చి ఆమె ముందు చేతులు జోడించాడు.

"సంతకాలు చూసేది నేనేనమ్మా. వెనక నిలబడి మీ మాటలన్నీ విన్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి."

"మరి... నా ఫారం?" ఆమె గబుక్కున లేచి నిలబడింది.

"బెంగ పడకండి. తొమ్మిదిసార్లు అనుమానంతోనే ఆపాను, ఇవాళ మీ నోటితో విన్నాక అనుమానం తీరిపోయింది. మీ షేర్లు ఎవరూ కదపకుండా ఖాతా మూయించేశాను. ఫారాలు తెచ్చేవాణ్ణి కూడా పైన గదిలో పెట్టి తాళం వేయించాను, పోలీసులు దారిలో ఉన్నారు. వాడి తెగింపు చూడండమ్మా, ఇంకా 'ఆ సంతకం మా అక్కదే' అంటున్నాడు!"