తప్పు పేర్లు

"ఏవండీ, అదిగో, ఆ తుమ్మకొమ్మ మీద నల్లగా ఉంది చూడండి. బొంతకాకి కదూ?"

వాచ్ టవర్ మీద కెమెరా సర్దుకుంటున్న హారిక నవ్వు ఆపుకుంది. చెరువు మధ్యలోని ఆ తుమ్మచెట్టు మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నది నీటికాకి.

అడిగినావిడ పేరు వెంకాయమ్మ. అరవై దాటి ఉంటాయి. పక్కన బెంచీ మీద శాలువా నిండా కప్పుకుని కూర్చున్న పెద్దాయన ఆవిడ భర్త అనంతపద్మనాభం. ఆయన చెరువు వైపే చూస్తున్నాడు. భార్య మాటకి ఊ అనలేదు, ఆ అనలేదు.

హారికది చీరాల. గుంటూరులో ఉద్యోగం. చలికాలం వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే స్కూటీ వేసుకుని ఉప్పలపాడు చెరువుకి వచ్చేస్తుంది. మిరపతోటల మీద మంచు ఇంకా విడకముందే పక్షులు గూళ్ళు వదిలి లేస్తాయి. ఆ ఫొటోల కోసం ఆమె ఆరాటం. ఈ ఏడాది ఎంత తొందరగా వచ్చినా ఈ దంపతులు తనకంటే ముందే టవర్ మీద ఉంటున్నారు. పెదకాకాని నుంచి రోజూ ఆటోలో వస్తారట. ఆవిడే ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి కూర్చోబెడుతుంది. ఇక అక్కణ్ణుంచి మొదలు. ఎర్రకాళ్ళ కొంగని చూపించి గద్ద అంటుంది. వంకర ముక్కు తెల్లకంకణం పిట్టని చూపించి బాతు అంటుంది. ఒక్క పేరు సరిగ్గా చెబితే ఒట్టు.

"అది నీటికాకి, ఆంటీ," అంది హారిక ఉండబట్టలేక.

వెంకాయమ్మ చప్పున ఇటు తిరిగింది. "నువ్వు చెప్పకమ్మా. ఈయన చెప్పాలి."

"సార్‌కి పక్షుల గురించి తెలుసా?"

"తెలుసా అంటావేంటి! కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. స్టూడెంట్లని బస్సెక్కించి ఈ చెరువుకే తీసుకొచ్చేవారు. పేరు తప్పు చెప్పారా, అయిపోయారే!"

హారికకి చిర్రెత్తింది. అంత తెలిసిన మనిషి, కట్టుకున్న భార్య అడిగితే ఒక్క ముక్క చెప్పడానికి ఏం పోయింది?

వెంకాయమ్మ ఫ్లాస్కులోంచి కాఫీ వంచింది. గ్లాసు తనే భర్త నోటికి అందించి, ఆయన తాగాక చీర కొంగుతో మూతి తుడిచింది. మహారాజు, చేతులు బయటపెడితే అరిగిపోతాయి కాబోలు అనుకుంది హారిక.

"ఇంత చలిలో రోజూ ఎందుకాంటీ మీకీ తిప్పలు? ఒక పుస్తకం కొనుక్కుంటే అన్ని పేర్లూ ఉంటాయిగా."

"పుస్తకంతో అయ్యే పని కాదులే. ఈ పిట్టలు వెళ్ళిపోయేలోగా సాధించాలి. నేనంత తేలిగ్గా వదిలే రకం కాదు."

అంతలో మెట్ల మీద చప్పుడైంది. వినుకొండ నుంచి బండ్ల మీద వచ్చిన కుర్రాళ్ళు కొందరు పైకొచ్చారు. సరిగ్గా అప్పుడే నీళ్ళ మీద పెద్ద పక్షి ఒకటి వాలింది. ముక్కు కింద సంచీ ఊగుతోంది.

"ఏవండీ, హంస!" అంది వెంకాయమ్మ గట్టిగా. "ఎంత బాగుందో హంస!"

"హంసంటరా! పాలు, నీళ్ళు వేరుచేసి చూపించమనండి మామ్మగారూ!" అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు.

అనంతపద్మనాభం మొహం ఎర్రబడింది. తల అటు తిప్పేసుకున్నాడు. భార్యని చూసి సిగ్గుపడుతున్నాడనుకుంది హారిక. ఇక ఆగలేకపోయింది.

"సార్, పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఆవిడ రోజూ మిమ్మల్ని బతిమాలుకుంటోంది. పదిమందీ నవ్వుతుంటే కూడా నోరు విప్పరా? మీ స్టూడెంట్లకి చెప్పింది మీ ఆవిడకి చెబితే తప్పా?"

కుర్రాళ్ళు నవ్వు ఆపేశారు. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయన్నేమీ అనకమ్మా," అంది వెంకాయమ్మ. వెళ్ళి భర్త ఎదురుగా నిలబడింది. "విన్నారా? అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీండి. అది హంస. నేను హంసే అంటాను. రేపూ అంటాను, ఎల్లుండీ అంటాను. కాదని మీరంటే తప్ప ఒప్పుకోను."

ఆయన ఎడంచేత్తో బెంచీ మీద గట్టిగా చరిచాడు.

"హంసేనండీ!" అంది వెంకాయమ్మ మళ్ళీ.

"కా... కాదు!" అని అరిచాడాయన. మెడ నరాలు పొంగాయి. "గూ... గూడ... గూడబాతు!"

అరుపుకి దగ్గరి చెట్టు మీది పక్షులు ఒక్కసారిగా లేచాయి. వెంకాయమ్మ మోకాళ్ళ మీద కూలబడి భర్త చెయ్యి పట్టుకుంది.

"అవునండీ, గూడబాతే! ఆ నల్లది నీటికాకి. ఆ వంకర ముక్కుది తెల్లకంకణం. అటు పక్కవి ఎర్రకాళ్ళ కొంగలు. పెళ్ళైన కొత్తలో మీరే కదండీ నాకు నేర్పింది!"

హారిక తెల్లబోయింది. "అన్నీ తెలిసే తప్పు చెప్పారా? ఎందుకాంటీ?"

"తప్పు వింటే ఈయన ఊరుకోలేరమ్మా." వెంకాయమ్మ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "పక్షవాతం వచ్చాక మాట పెగలడం ఇదే మొదటిసారి."