ఆయుష్షు బాకీ

“నువ్వెళ్ళి తలుపు తియ్యి. నేను మంచమెక్కుతున్నాను,” అంది హెండ్రినా, వంటింటి ఏప్రన్ ముడి విప్పుకుంటూ.

“పొద్దున్నేగా వాకిట్లో మంచునంతా పారతో ఎత్తిపోశావు! ఇప్పుడు మంచమేమిటత్తా?” అంది ఆమె అన్న కూతురు ఆర్లీస్.

“వచ్చేది కాలేజీ అధ్యక్షుడే. నన్నిలా గుండ్రాయిలా చూస్తే ఏమనుకుంటాడు?”

“తొంభై తొమ్మిదేళ్ళకి గుండ్రాయిలా ఉంటే కుళ్ళుకుంటాడు. అంతకన్నా ఏం చేస్తాడు?”

హెండ్రినా నవ్వలేదు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆమె కోడిగుడ్ల డబ్బును తమ సంఘం నడిపే ఆ క్రైస్తవ కాలేజీకే పంపుతూ వచ్చింది. భర్త పోయాక, డెబ్బై దాటిన వయసులో, అయోవాలోని మొక్కజొన్న పొలాన్ని కూడా దానికే రాసిచ్చింది. బదులుగా ఆమె బతికున్నంతకాలం కాలేజీ నెలనెలా కొంత సొమ్ము పంపాలి. ఆమె పోయాక మిగిలినది బీద విద్యార్థుల చదువుకు చెందాలి. ఒప్పందమంతా సవ్యంగానే నడిచింది. ఆమె పోవడమొక్కటే ఆలస్యమైంది.

“పొలం ఖరీదు ఎప్పుడో తినేసి ఉంటానే,” అంది హెండ్రినా గొంతు తగ్గించి. “ఇప్పుడు తింటున్నది ఆ పిల్లల ఫీజులు. ఆ మాట మొహమ్మీద చెప్పడానికే ఈయన పనిగట్టుకుని వస్తున్నాడు. పుట్టినరోజు కేకు ఇచ్చి పోవడానికైతే ఎప్పటిలా ఆఫీసు మనిషి చాలడూ?”

చావంటే ఆమెకు భయం లేదు. ఆ తరువాత జరగబోయే విచారణంటేనే భయం. కుడిచేత్తో నాకిచ్చి, ఎడమచేత్తో నెలనెలా తిరిగి తీసుకున్నావు కదా అని ప్రభువు అడిగితే ఏ ముఖంతో నిలబడాలి? కొంతకాలంగా ఆరాధనలో కానుకల పళ్ళెం తన వరుసకు వచ్చినప్పుడల్లా ఆమె తల దించుకుంటోంది.

ఆమె పిండి డబ్బాలో వేళ్ళు ముంచి బుగ్గలకు రాసుకుంది.

“అదెందుకు?”

“పాలిపోయినట్టు కనపడొద్దూ?”

“పాపం కాదా అత్తా?”

“నోరు తెరవకుండా పడుకుంటే అబద్ధమెలా అవుతుందే?” అందే గాని, ఆ వాదం ఆమెకే నిలబడినట్టు తోచలేదు.

“సరే, దగ్గు మాత్రం దగ్గకు. నీకు చేతకాదు,” అంటూ ఆర్లీస్ గుమ్మం వైపు నడిచింది.

దుప్పటి గడ్డం దాకా లాక్కుని హెండ్రినా కళ్ళు మూసుకుంది. వీధి తలుపు చప్పుడైంది. ఎవరో బూట్ల మంచు దులుపుకుంటూ హుషారుగా ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నారు. పడకగది గడప దగ్గర ఆ రాగం ఠక్కున తెగిపోయింది.

“హెండ్రినా గారూ,” అన్నాడు అధ్యక్షుడు ఫెడ్డెస్. “ఏమైందండీ?”

“ఇంకెన్నాళ్ళో పట్టదు నాయనా,” అంది ఆమె, పెదవులు కదిలీ కదలకుండా. “కొంచెం ఓపిక పట్టండి.”

ఆయన మంచం పక్కనున్న కుర్చీలో కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ అరచేయి చెమటతో తడిసి ఉంది. మంచి వార్త విన్నవాడి చెయ్యి ఇలా ఉండదే అనుకుని ఆమె రెప్పల సందులోంచి చూసింది. ఆయన ముఖం, పిండి రాసుకున్న తన ముఖం కన్నా తెల్లగా ఉంది.

“మొన్న ఆదివారం చర్చి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కారని విన్నానే,” అన్నాడాయన.

 అయితే తనమీద కన్నేసే ఉంచారన్నమాట.

“అది మొన్నటి మాట,” అంది ఆర్లీస్, కిటికీ వైపు చూస్తూ.

ఆయన లేచి వెళ్ళి కిటికీ తెర మూసేశాడు. గది మసకబారింది. మళ్ళీ వచ్చి మంచం మీదికి వంగి, “ఈవిడని లేపి కూర్చోబెట్టగలమా?” అని ఆర్లీస్‌ని అడిగాడు. “ఒక్క పది నిమిషాలు చాలు.”

పోయే ప్రాణాన్ని కూడా లేపి కూర్చోబెట్టి కాగితాల మీద రాయించుకుంటారా? హెండ్రినా వేళ్ళు దుప్పటి అంచును బిగించి పట్టుకున్నాయి. అయినా అడగకముందే ఒప్పుకుంటే దేవుని ఎదుట కొంత తేలికగా ఉంటుందేమోననిపించింది. కళ్ళు తెరిచింది.

“ఎందుకు నాయనా అంత శ్రమ? నాకు రావలసిన సొమ్ము ఇక అక్కర్లేదనేగా రాయాలి? తెండి. సంతకం పడుకునే పెడతాను.”

ఫెడ్డెస్ తెర అంచు ఇంత తొలగించి బయటికి చూసి అన్నాడు: “సంతకం పెట్టాల్సింది మీరు కాదండీ, వాళ్ళు. మీలా పొలాలు రాసిచ్చి కాలేజీ సొమ్ము తిన్నవాళ్ళు నూరేళ్ళు నిక్షేపంగా బతుకుతారని నమ్మబలికి, మిమ్మల్ని చూపించడానికి బస్సునిండా ముసలివాళ్ళను తీసుకొచ్చాను, ముందున్నాయన అప్పుడే మెట్లెక్కుతున్నాడు.”