పళ్లెంలో నూనె చుక్క

నూనె చుక్క నీళ్ల మీద పరుచుకుంటే పోశం ఇంట్లోనే ఉంటాడు. పరుచుకోకుండా బొట్టులా నిలిచిపోతే దవఖానకు పోతాడు. అంతకు మించి ఆయన ఎవరి మాటా వినడు.

పోశం శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. కామెర్లు వచ్చి మంచం పట్టాడు. కళ్లు పచ్చగా మారిపోయాయి. నిన్నటి నుంచి మాట కూడా తడబడుతోంది. దవఖాన చూస్తే కూతవేటు దూరమే.

“బాయిల కప్పు కూలిననాడు నన్ను గుంజి బతికిచ్చింది అంతన్న. ఆయన మందు కాదని యాడికి పోను? ఆయననే పొమ్మంటె పోత,” అంటాడు.

అంతయ్య రిటైరైన బాయి కార్మికుడు. పక్క వరుస క్వార్టర్లో ఉంటూ కామెర్లకు పసరు పోస్తాడు. జబ్బు ముదిరితే ఆయనకో పరీక్ష ఉంది. రోగి తలాపున రాత్రంతా నీళ్ల పళ్లెం పెట్టాలి. తెల్లారి అందులో నువ్వుల నూనె చుక్క వేస్తాడు. పరుచుకుంటే రోగం తన చేతిలో ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

కబురందుకుని హైదరాబాద్ నుంచి వచ్చిన కూతురు అనసూర్యకు ఇది వినగానే ఒళ్లు మండింది. ఆమె అక్కడ పరిశోధన చేస్తోంది. శుభ్రమైన నీళ్ల మీద నూనె ఎప్పుడైనా పరుచుకుంటుంది. అంటే బాపు ఇంట్లోనే ఉంటాడు. ఇంట్లోనే పోతాడు.

“అవ్వా, నువ్వన్న చెప్పరాదె!” అన్నది తల్లితో.

“అంతయ్య బావ చెయ్యి మంచిది. నాలుగు అక్షరాలు సదువంగనే పెద్దోళ్లను కాదంటవా?” అని సమ్మవ్వ కూతుర్ని కసిరింది. కసురుతూనే ముందు కూర్చోబెట్టుకుని చిక్కులు తీసింది. అరచేతి నిండా కొబ్బరినూనె పోసుకుని తలకు మర్దించింది.

“వద్దే అవ్వా. తలకు నూనె పెడితె మా ల్యాబ్‌ల లోపటికే రానియ్యరు.”

“గదేం సదువు బిడ్డా?” అన్నాడు పోశం మంచం మీది నుంచి. పక్కనే ఆయన ట్రాన్సిస్టర్ గురగురమంటోంది. క్వార్టర్ల లైన్‌లో ఇంటింటికీ టీవీలు వచ్చినా ఆయన దాన్ని వదల్లేదు.

“గీ రేడియో లోపట చిన్న చిన్న ట్రాన్సిస్టర్లు ఉంటయి గద బాపు. గసోంటియే మేం వేరే తీర్ల చేస్తున్నం. బొగ్గుల ఉండే కార్బన్ తోటి.”

“బొగ్గుతోటి రేడియోనా!” పోశం చాన్నాళ్లకు నవ్వాడు.

“నీళ్ల మీద ఏస్తె ఆ అణువులు వాటంతటవే బారు కట్టి నిలవడతయి. ఒక్క అణువంత మందం పొర. కంటికి కనవడది. దాన్ని మెల్లగ గాజుపలక మీదికి ఎక్కిస్తం. గని జర చేతి జిడ్డు తగిలినా పనంత పాడు. ఆ జిడ్డే నీళ్ల మీద జాగంత పట్టుకుంటది. ఇంకోదాన్ని పరుచుకోనియ్యది.”

“కనవడని పొరకు గంత సదువా?” సమ్మవ్వ మూతి తిప్పి, జడ బిగించి లేచింది. చింతపండుతో తోమిన ఇత్తడి పళ్లెం నిండా నీళ్లు తెచ్చి పోశం తలాపున పెట్టింది.

తెల్లారుతుండగా అనసూర్య పళ్లెం దగ్గరికి వచ్చి కూర్చుంది. జడను తడిమిన వేలు ఒక్కసారి నీళ్లకు ఆనిస్తే చాలు. చుక్క పరుచుకోదు. బాపు దవఖానకు పోతాడు. వేలు చాపింది.

పోశం కళ్లు తెరిచాడు. “ముట్టకు బిడ్డా. మా అన్న ఏం చెప్తె గదే.”

ఆ పచ్చని కళ్లలో నమ్మకం చూసి ఆమెకు చేయి ఆడలేదు. నీళ్లు ముట్టకుండానే వేలు వెనక్కి తీసుకుంది. తన పిరికితనాన్ని తిట్టుకుంటూ గోడకు చేరగిలబడి ఏడ్చింది.

ఎండ పొడ రాగానే అంతయ్య వచ్చాడు. చుక్క వేశాడు. అది పళ్లెం నడుమ గుండ్రంగా నిలబడిపోయింది. ఇంకో చుక్క వేశాడు. అదీ అంతే.

అంతయ్య నూనె గిన్నె కింద పెట్టేశాడు. “తమ్మీ, నా చేతుల లేదు. దవఖానకు నడువు. జల్ది.”

సమ్మవ్వ గుండెలు బాదుకుని ఏడ్చింది. వాడకట్టంతా పరుగెత్తుకొచ్చింది. ఆటోలో అనసూర్య బాపు తలను ఒళ్లో పెట్టుకుంది. కోరుకున్నదే జరిగింది. కానీ ఎలా జరిగింది? తోమిన పళ్లెం, మంచి నీళ్లు. తను ముట్టనే లేదు. ఇన్నాళ్లూ నవ్వుకున్న పరీక్ష నిజమేనా? బాపు నిజంగానే చేయి దాటిపోయాడా?

డాక్టర్ అప్పటికప్పుడే సెలైన్ పెట్టాడు. “ఇంకా ఆలస్యం చేస్తే మేమేం చేయలేకపోయేవాళ్లం. ఇప్పుడు ఫరవాలేదు,” అన్నాడు. పోశం నిద్రలోకి జారుకున్నాడు. అంతయ్య బయట గేటు దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు.

వరండాలో అనసూర్య ఉండబట్టలేక తల్లిని అడిగింది. “ఆ చుక్క ఎందుకు పరుచుకోలేదో నాకు సమజైతలేదు అవ్వా. భయమైతున్నది.”

సమ్మవ్వ గేటు వైపు చూసింది. అంతయ్య వినేంత దగ్గరలో లేడు. కూతురి జడ సర్దుతూ మెల్లగా అన్నది:

“నీ తలకు నూనె రాసిన చెయ్యి కడుక్కోకుంటనే ఆ నీళ్లల్ల ముంచిన బిడ్డా.”